క్వింటాలుకు 800 రూపాయల తేడా: ఒడిశా సరిహద్దులో ఒక తెలుగు ఫోన్-ఇన్ అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో సాయంత్రం టీవీ పెడితే అమరావతి మీద చర్చ వస్తుంది, విశాఖ స్టీల్ ప్లాంటు మీద చర్చ వస్తుంది. భువనేశ్వర్‌లో తీసుకున్న నిర్ణయం మాత్రం ఆ ఇంటికి ఒడియాలో, పంచాయతీ నోటీసు బోర్డు మీదుగా, చాలాసార్లు గడువు దగ్గర పడ్డాక చేరుతుంది. ఓటు ఒడిశాలో ఉంది, రేషన్ కార్డు ఒడిశాలో ఉంది, భూమి కాగితం ఒడియాలో ఉంది. ఇంట్లో రాజకీయం మాట్లాడుకునేది తెలుగులో. ఆ తెలుగులో వినపడేదంతా పక్క రాష్ట్రం సంగతే.

ఇలాంటి చోట ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో వారానికోసారి వచ్చే తెలుగు చర్చా కార్యక్రమం నేను చూసుకుంటాను. 2024-25 ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్ల సమయంలో ఆ కార్యక్రమంలో జరిగినదాన్ని సాటి రేడియోవాళ్ల కోసం, సరిహద్దు ఊళ్లలో పనిచేసేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. స్టేషన్ పేరు, ఫోన్ చేసినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు రాయడం లేదు. ఇక్కడ ఊళ్లు చిన్నవి. రెండు వివరాలు చెబితే మనిషిని గుర్తుపట్టేస్తారు.

స్టేషన్ సంగతి

కమ్యూనిటీ రేడియో గాల్లోకి వదిలే సిగ్నల్ శక్తి మామూలుగా 100 వాట్లు దాటకూడదు. యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. మైదానంలో పది పన్నెండు కిలోమీటర్లు వినిపిస్తుంది, గజపతి జిల్లాలాంటి కొండల ప్రాంతంలో కొన్ని వైపులకు అంత దూరం కూడా రాదు. అయితే పర్లాకిమిడిని ఆనుకునే పాతపట్నం ఉంది. అది శ్రీకాకుళం జిల్లా, ఆంధ్రప్రదేశ్. అవతలి ఊళ్లలో కూడా మా కార్యక్రమం వింటారు, ఫోన్ చేస్తారు. అంటే మేం ఒక రాష్ట్ర ప్రభుత్వం గురించి మాట్లాడినప్పుడు రెండు రాష్ట్రాల ఓటర్లు వింటున్నారు. మేం తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఈ సంగతి ఉంది.

ఇక చట్టం. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచినప్పుడే వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావం ఉన్న కార్యక్రమాలు వద్దని మార్గదర్శకాల్లో రాశారు. తర్వాత ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి ప్రసారం చేసుకునే వీలు ఇచ్చారు. సొంత వార్తలకు మాత్రం ఇప్పటికీ అనుమతి లేదు. వాతావరణం, కరెంటు, నీళ్లు, పరీక్షలు, ఉద్యోగ అవకాశాలు, విపత్తులు, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కింద లెక్కకు రావు. ప్రసారం చేసినదంతా మూడు నెలలు దాచి ఉంచాలి.

1995లో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. అలాంటి తరంగాల మీద ఒక రైతు తన ప్రభుత్వ విధానం గురించి మాట్లాడటం ‘రాజకీయం’ అవుతుందా? నా అభిప్రాయంలో ఈ నిషేధం మరీ విశాలంగా ఉంది, మారాలి. కానీ లైసెన్స్ మీద సంతకం పెట్టిన స్టేషన్‌గా మేం దాన్ని దాటం. అందుకే పార్టీల గెలుపోటములు, నాయకుల మాటలు, ఎవరు ఎవరితో కలుస్తారు అనేవి మా కార్యక్రమంలో ఉండవు. పథకం ఏమిటి, అర్హత ఏమిటి, కాగితం ఎక్కడ ఇవ్వాలి, ఇచ్చాక ఏమైంది, ఇవి ఉంటాయి. ఈ గీత లోపల ఉండి కూడా ఎంత లోతుగా మాట్లాడవచ్చో ఆ ఖరీఫ్ మాకు చూపించింది.

డిసెంబరులో మొదలైన గొడవ

2024 జూన్ 4న ఒడిశాలో ప్రభుత్వం మారాలని తీర్పు వచ్చింది. జూన్ 12న మోహన్ చరణ్ మాఝీ ముఖ్యమంత్రి అయ్యారు. ఇరవై నాలుగేళ్ల నవీన్ పట్నాయక్ పాలన ముగిసింది. బరంపురం, కోరాపుట్ లోక్‌సభ స్థానాల్లో పోలింగ్ మే 13న జరిగింది, ఆంధ్రాలోనూ అదే రోజు. అక్కడా ప్రభుత్వం మారింది. ఒకే ఏడాది రెండు వైపులా కొత్త హామీలు, కొత్త పథకాలు, పాత పథకాలకు కొత్త పేర్లు. ఒడిశాలో రైతు సాయం పథకం కాలియా పోయి సీఎం కిసాన్ వచ్చింది. సెప్టెంబరులో మహిళలకు సుభద్ర పథకం మొదలైంది. ఆంధ్రాలో జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు అయింది.

ఆ ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి కేంద్ర మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. దాని మీద ఒడిశా ప్రభుత్వం 800 రూపాయలు ఇన్‌పుట్ సాయంగా కలిపి మొత్తం 3,100 ఇస్తామంది, ఆ శీతాకాలంలో కొనుగోళ్లు మొదలుపెట్టింది. ఆంధ్రాలో 2,300 మాత్రమే. మా వైపు ఎనభై కిలోల బస్తా లెక్కన చూస్తే బస్తాకు 640 రూపాయల తేడా. పొలం గట్టు మీద నిలబడి అవతలి పొలంతో మాట్లాడుకునే ఊళ్లలో ఆ తేడా ఏం చేస్తుందో ఎవరైనా ఊహించవచ్చు. ఆంధ్రా ధాన్యం ఒడిశా మండీలకు, అంటే ధాన్యం కొనుగోలు కేంద్రాలకు వస్తోందన్న ఆరోపణ, దానితోపాటే సరిహద్దు దారుల్లో లారీలు, ట్రాక్టర్లు ఆపి చూడటం మొదలయ్యాయి.

తెలుగు కార్యక్రమానికి వచ్చిన ఫోన్లలో మొదటి నుంచీ ఒకటే బాధ. ఒక రైతు మాట అందరి మాటా అనిపించింది: “ఏటి బాబూ, ఈ గట్టు మీద పండిన ధాన్యం కాదా ఇది? తెలుగులో మాట్లాడితే ఆంధ్రా ధాన్యం అయిపోద్దా?” మూడు తరాలుగా ఒడిశాలో ఉన్న కుటుంబం వాళ్లది. మండీ దగ్గర అతని బస్తాలు పక్కన పెట్టించి కాగితాలు మళ్లీ అడిగారట. ఒడియా మాట్లాడే పక్క రైతును అడగలేదట.

దాంతోపాటు పింఛను ఫోన్లు. ఒడిశాలో మధుబాబు పింఛను 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు నెలకు 1,000 రూపాయలు, అది ప్రతి నెలా 15న పంచాయతీ దగ్గర జన సేవా దివస్ రోజున ఇస్తారు. ఆంధ్రాలో ఒకటో తేదీన ఇంటికి తెచ్చి 4,000 ఇస్తారు. వియ్యాలవారి ఇంట్లో చూసివచ్చిన ముసలావిడ ఫోన్ చేసి, “మాకెందుకు రాదు నాయనా, మేం ముసిలోళ్లం కాదా?” అని అడుగుతుంది. ధాన్యం విషయంలో అటువాళ్లకు ఇటు చూస్తే బాధ, పింఛను విషయంలో ఇటువాళ్లకు అటు చూస్తే బాధ. ఇలాంటి ఫోన్లను వరసగా ప్రసారం చేస్తే అరగంటలో ఆంధ్రా వర్సెస్ ఒడిశా అయిపోతుంది. టీవీలో జరిగే గొడవే మన మైకు మీద కూడా జరుగుతుంది. దానివల్ల ఆ రైతు బస్తాలు తూకానికి వెళ్లవు.

మూడు ప్రశ్నలు

కార్యక్రమానికి పనిచేసేది ముగ్గురం. నేను యాంకర్. ఫోన్లు తీసే అమ్మాయి డిగ్రీ చదువుతోంది, తెలుగు, ఒడియా రెండూ సమానంగా వచ్చు. మూడో ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. ఒడియాలో వచ్చిన సర్క్యులర్లు, దరఖాస్తు ఫారాలు చదివి మాకు తెలుగులో చెబుతారు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఉండాలంటుంది. ఆయన పనిచేసిన చోట తెలుగు చదివే పిల్లలు ఏటేటా తగ్గుతూ రావడం ఆయన కళ్లారా చూశారు. ఆ బాధ ఆయన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది, మా సర్క్యులర్ల మీద అంత శ్రద్ధ పెట్టడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. పర్లాకిమిడిలో పనిచేస్తూనే గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడారు, సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. మాస్టారు సర్క్యులర్ చెప్పేటప్పుడు పుస్తకం తెలుగు దొర్లితే ఆ అమ్మాయి వెంటనే ఆపుతుంది: “మా నాయనమ్మకు చెప్పినట్టు చెప్పండి మాస్టారూ.” ఆయన మళ్లీ చెబుతారు.

ఫోన్లను మేం లైవ్‌లో ఇవ్వం. సాయంత్రం ఫోన్ వస్తే ముందు ఆఫ్ ఎయిర్‌లో మాట్లాడతాం, తర్వాత మేమే తిరిగి ఫోన్ చేసి రికార్డు చేస్తాం, మర్నాడు ప్రసారం. దీనివల్ల ఊపు తగ్గుతుంది, నిజమే. కానీ లైవ్‌లో ఒకరి పేరు పెట్టి “వాడు దొంగ” అన్నాక ఆ మాటను వెనక్కి తీసుకోలేం. అది ఆకాశవాణి ప్రోగ్రామ్ కోడ్‌కు విరుద్ధం, అంతకన్నా ముఖ్యంగా ఆ పేరున్న మనిషి అదే ఊళ్లో ఉంటాడు.

ఆ ఖరీఫ్‌లో ఫోన్ తీసే అమ్మాయి ప్రతి ఒక్కరినీ మూడు విషయాలు అడిగి రిజిస్టర్‌లో రాయడం మొదలుపెట్టింది. మీరు చెబుతున్నది ఏ ప్రభుత్వం సంగతి? మీ చేతిలో ఉన్న కాగితం ఏది? అది ఏ తేదీది? వినడానికి ఇవి ఆఫీసు ప్రశ్నల్లా ఉంటాయి, కొందరు విసుక్కున్నారు కూడా. కానీ సరిహద్దులో చర్చ చెడిపోయేది ఇక్కడే. పింఛను 4,000 అని ఒకరంటే అది ఆంధ్రా సంగతి. 3,500 అని ఇంకొకరంటే అది ఒడిశాలో 80 ఏళ్లు నిండినవాళ్లకు, 80 శాతం లేదా ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు 2025లో పెంచినది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకుంటున్నారు. ఏ ప్రభుత్వమో, ఏ తేదీదో ముందే తేలితే సగం తగాదా మైకు దాకా రాకుండానే పోతుంది. మిగిలిన సగం నిజమైన తగాదా. దానికి ప్రసార సమయం ఇవ్వాలి.

ఆ రైతు విషయానికే వద్దాం. అతనిని కాగితం గురించి అడిగినప్పుడు అసలు కథ బయటికి వచ్చింది. అతను భాగచాషీ, అంటే ఆ భూమి కౌలుకు చేస్తున్నాడు. భూ యజమాని విశాఖలో ఉంటాడు. ధాన్యం కొనే సహకార సొసైటీలో నమోదు యజమాని పేరు మీద ఉంది, ధాన్యం ఏ తేదీన తేవాలో చెప్పే టోకెన్ యజమాని పేరు మీద వచ్చింది. బస్తాలు దింపింది మాత్రం ఇతను. మండీలో కాగితాలు మళ్లీ అడిగింది పేరు కలవకపోవడం వల్ల కూడా కావచ్చు, భాష వల్ల కూడా కావచ్చు. రెండోది నేను కొట్టిపారేయను, ఎందుకంటే మరికొందరూ అదే చెప్పారు. కానీ మొదటిది వెంటనే సరిచేసుకోగలిగినది. మేం అతని ఫోన్‌ను రెండు భాగాలుగా ప్రసారం చేశాం. అవమానం గురించి అతను చెప్పినది ఒక్క మాట కూడా కత్తిరించకుండా వేశాం. దాని వెంటనే భాగచాషీగా నమోదు ఎలా, యజమాని సమ్మతి ఎందుకు కావాలి, ఈసారి కాకపోయినా వచ్చే ఖరీఫ్‌కు ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది మాస్టారు చెప్పారు.

ఆ ఎపిసోడ్ తర్వాత కౌలు రైతుల ఫోన్లు బాగా పెరిగాయి. అప్పటిదాకా వాళ్లు ఫోన్ చేయకపోవడానికి కారణం తెలిసింది: యజమాని వింటాడని భయం. వాళ్ల గొంతు మార్చి వేయమని కొందరు అడిగారు. మా దగ్గర ఉన్న సాఫ్ట్‌వేర్‌తో గొంతు మార్చితే కార్టూన్ బొమ్మ మాట్లాడినట్టు ఉంటుంది, ఆ మనిషి బాధ నవ్వులపాలవుతుంది. అందుకని వాళ్ల మాటలను ఆ అమ్మాయి తన గొంతుతో చదివింది. ఇది బాగా పనిచేసింది. కౌలు రైతు సమస్య మాట్లాడాలనుకునే ఏ స్టేషన్‌కైనా ఇదే చెబుతాను.

మండీ మీద మాట

మండీలో జరిగే మరో సంగతి ‘కట్నీ ఛట్నీ’. ఒడిశాలో ధాన్యం అమ్మిన ప్రతి రైతుకూ తెలిసిన మాట ఇది. తేమ ఎక్కువుందనో, తాలు ఉందనో క్వింటాలుకు ఇన్ని కిలోలని కోత పెట్టడం. నిబంధన ప్రకారం నాణ్యత సరిగా ఉంటే కోత ఉండకూడదు. తేమ 17 శాతం దాకా అనుమతి ఉంది. ఎక్కువుంటే ఆరబెట్టుకుని తీసుకురమ్మనాలి. కానీ టోకెన్ మీద తేదీ ఉంటుంది, ఆ గడువు దాటితే టోకెన్ ల్యాప్స్ అయిపోతుంది. మంచు పడే రోజుల్లో ధాన్యం మళ్లీ ఆరబెట్టి తేవడమంటే గడువు పోవడమే. అందుకే రైతు కోతకు ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాడు కాబట్టి ఫిర్యాదు కాగితం ఉండదు. ఫిర్యాదు లేదు కాబట్టి సమస్య లేదని ఆఫీసు అంటుంది.

ఈ చక్రం గురించి మాట్లాడటానికి ఒక ల్యాంప్స్ (గిరిజన ప్రాంతాల సహకార సంఘం) సొసైటీ బాధ్యుడిని రమ్మన్నాం. ఆయన రెండు వారాలు రాలేదు. మూడోసారి మేం ప్రశ్నలు ముందే రాసి పంపాం. అందులో ఎవరి పేరూ లేదు, ఆరోపణ లేదు. తేమ మీటరు రైతు కళ్ల ముందు పెడతారా? రీడింగ్ రైతుకు రాసి ఇస్తారా? టోకెన్ గడువు పొడిగించమని ఎవరిని అడగాలి? ఈ తరహా ప్రశ్నలకు ఆయన వచ్చారు. తెలుగు బాగానే మాట్లాడారు. రీడింగ్ అడిగితే రాసి ఇవ్వాల్సిందేనని రేడియోలో చెప్పారు. ఆ ఒక్క వాక్యం చాలా దూరం వెళ్లింది. రైతులు ఆ క్లిప్ అడిగి వాట్సాప్‌లో పెట్టించుకున్నారు. ఒకతను తూకం దగ్గర ఫోన్ తీసి ఆ క్లిప్ వినిపించాడట.

ఆ సాయంత్రం ఆయన చెప్పినవన్నీ జరిగాయని నేను చెప్పలేను. కోత ఆగిందని కొందరు, తగ్గిందని కొందరు, అలాగే ఉందని మరికొందరు ఫోన్ చేశారు. అన్నీ ప్రసారం చేశాం. మార్పు రాని చోటును కూడా చెప్పకపోతే విన్నవాళ్లు మమ్మల్ని ఆఫీసు మనుషులనుకుంటారు.

అవతలి ఒడ్డు

ఇప్పుడు ఈ కేసులో అన్నిటికన్నా కష్టమైన భాగం. మేం 3,100 అన్న ధర గాల్లోకి వదిలితే పాతపట్నం వైపు రైతు కూడా వింటాడు. ఆ ఖరీఫ్‌లో అతని ధాన్యం ధర 2,300. మా ప్రసారమే అతన్ని దళారీ చేతిలో పెట్టవచ్చు. దళారీ ఒడిశా రైతు పేరు మీద టోకెన్ సంపాదించి, అవతలి ధాన్యం తక్కువకు కొని, ఇక్కడ అమ్మి తేడా మింగేస్తాడు. అలా జరిగిన ప్రతిసారీ చెకింగ్ పెరుగుతుంది, పెరిగిన చెకింగ్ మళ్లీ తెలుగు మాట్లాడే ఒడిశా రైతు మీదే పడుతుంది.

దీనికి ధర చెప్పకుండా ఉండటం పరిష్కారం కాదు. ఇక్కడి రైతుకు ఆ ధర తెలియడం అతని హక్కు. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. 3,100 అన్న ప్రతిచోటా దాని వెంటనే మూడు షరతులు ఒకే ఊపిరిలో చెప్పేవాళ్లం: భూమి ఒడిశాలో ఉండాలి, నమోదు ఉండాలి, టోకెన్ మీద మీ పేరు ఉండాలి. ఒక ఎపిసోడ్ మాత్రం పూర్తిగా అవతలి రైతులకే ఇచ్చాం. మిల్లు దగ్గర పడిగాపులు, తేమ పేరుతో తరుగు, డబ్బు ఎప్పుడు పడుతుందన్న టెన్షన్, అన్నీ ఇక్కడి బాధల్లాంటివే. ఆ ఎపిసోడ్ వింటే మండీ ఎటువైపుదో చెప్పకుండా పోల్చుకోవడం కష్టం. ఇటువైపు కోపంగా ఫోన్లు చేసినవాళ్లలో కొందరు ఆ వారం తర్వాత ‘ఆంధ్రావాళ్లు’ అనడం మానేసి ‘దళారులు’ అనడం మొదలుపెట్టారు. చర్చలో నాకు కనిపించిన గట్టి మార్పు అది.

అయినా ఈ షరతుల్లో ఇమడని మనుషులు ఉన్నారు. ఒకావిడ ఇల్లు ఆంధ్రా వైపు, పొలం ఒడిశా వైపు. సరిహద్దులో ఇది వింత కాదు. పంట ఒడిశా భూమిలో పండుతుంది, కళ్లం ఇంటి దగ్గర ఆంధ్రాలో ఉంది. నూర్చిన ధాన్యాన్ని ఒడిశా మండీకి తేవాలంటే ఆంధ్రా నుంచి ఒడిశాకు తెస్తున్నట్టే కనిపిస్తుంది. ఆధార్ అడ్రస్ ఆంధ్రా. పట్టా ఒడియాలో ఉంది, అదీ మామగారి పేరు మీద. ఆవిడ చెప్పినదంతా నిజం, ఆవిడ చేతిలో కాగితాలూ నిజం, అవి చూసినవాడికి మాత్రం స్మగ్లింగ్‌లా కనిపిస్తాయి. ఆఫీసులో అడిగితే భూమి కాగితం తీసుకుని తహసీల్‌కు రమ్మన్నారు. పట్టా పేరు మార్పించుకునేదాకా ఆగితే ధాన్యం చెడిపోతుంది. ఆవిడ ఆ ఏడాది ఊళ్లో వ్యాపారికి తక్కువకు అమ్ముకుంది. ఆవిడ గొంతు మేం ప్రసారం చేశాం, కానీ ఆవిడకు ఇవ్వడానికి మా దగ్గర జవాబు లేదు. ఈ తరహా మనుషుల గురించి రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుని మాట్లాడాలి. రేడియో వల్ల అయ్యే పని కాదు.

కోరాపుట్ వైపు కొటియా ఊళ్లలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. ఆ ఊళ్లు ఎవరివన్న తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఇప్పటికీ తేలలేదు. అక్కడివాళ్ల దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. మా సిగ్నల్ అంత దూరం వెళ్లదు, అందుకని మేం ఆ విషయం తీసుకోలేదు. తీసుకునే స్టేషన్ ఏదైనా మా మూడు ప్రశ్నల్లో మొదటిదాన్ని వేరేగా రాసుకోవాలి, ఎందుకంటే అక్కడ ‘ఏ ప్రభుత్వం’ అన్నదే గొడవ.

పార్టీ మనిషి ఫోన్ చేసినప్పుడు

ఒకసారి ఒక పార్టీ కార్యకర్త ఫోన్ చేశాడు. ఏ పార్టీ అన్నది అవసరం లేదు. రాసుకొచ్చిన ప్రకటన చదవబోయాడు. ఫోన్ తీసిన అమ్మాయి, “అన్నా, పార్టీ మాట వేయలేం, మీ ఊళ్లో మండీ సంగతి చెబితే వేస్తాం” అంది. అతనికి కోపం వచ్చింది. “రాజకీయం లేకుండా ధాన్యం రేటు వచ్చిందా?” అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రేటును నిర్ణయించింది రాజకీయమే. నేను ఫోన్ తీసుకుని మా లైసెన్స్ షరతు వివరించాను, ఆ షరతు గురించి నాకున్న అభ్యంతరం కూడా దాచలేదు. తర్వాత అడిగాను, మీ పంచాయతీలో ఎంతమంది కౌలు రైతుల నమోదు ఆగింది, మీరు ఎక్కడ కాగితం ఇచ్చారు అని. అతని దగ్గర ఆ లెక్క ఉంది, ఊరి పేర్లతో సహా. పార్టీ ప్రకటన కన్నా అది చాలా విలువైనది. ప్రసారంలో అతన్ని ఆ ఊరి రైతుగా పరిచయం చేశాం, అతను అది కూడా కాబట్టి. తర్వాత అవతలి పార్టీవాళ్లు కూడా అదే పద్ధతిలో ఫోన్ చేశారు, అదే వరసలో వాళ్లకూ సమయం ఇచ్చాం.

కోడళ్ల ఫోన్లు

ధాన్యం గొడవ మధ్యలో మేం అనుకోని విషయం ఒకటి ముందుకు వచ్చింది. సుభద్ర పథకం కింద 21 నుంచి 60 ఏళ్ల అర్హులైన మహిళలకు ఏడాదికి రెండు విడతల్లో 5,000 చొప్పున, ఐదేళ్లలో మొత్తం 50,000 రూపాయలు ఇస్తారు. తెలుగు ఇళ్లలో చాలామంది కోడళ్లు ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఆధార్ పుట్టింటి అడ్రస్‌తో ఉంటుంది. రేషన్ కార్డులో పేరు పుట్టింట్లోనే ఉంటుంది, అక్కడ తీయించకపోతే ఇక్కడ ఎక్కదు. తీయించాలంటే పుట్టింటివాళ్లకు ఒక మనిషి రేషను తగ్గుతుంది, దాని మీద ఇంట్లో మాటలు వస్తాయి. ఇలాంటివి ఏ సర్క్యులర్‌లోనూ ఉండవు.

ఈ ఫోన్లు మధ్యాహ్నం, ఇంట్లో మగవాళ్లు లేని వేళ వచ్చేవి. దాంతో రికార్డింగ్ వేళను మధ్యాహ్నానికి మార్చాం. ఒక అంగన్‌వాడీ కార్యకర్త వచ్చి, ఏ కాగితం ముందు మార్చాలి, ఏది తర్వాత అన్నది తన మాటల్లో చెప్పింది. ముందు ఆధార్ అడ్రస్, తర్వాత పుట్టింటి రేషన్ కార్డులో పేరు తీయించి ఆ రసీదు, ఆ తర్వాత అత్తింటి కార్డులో చేర్చడం. ఆ ఎపిసోడ్‌ను వినేవాళ్లు కోరితే మళ్లీ మళ్లీ వేశాం. ధాన్యం ఎపిసోడ్ల కన్నా దానికే ఎక్కువ ఫోన్లు వచ్చాయి.

ఇప్పుడు

భాగచాషీగా నమోదు కోసం ఆ మొదటి రైతు యజమానితో మాట్లాడాడు. యజమాని మొదట ఒప్పుకోలేదు, భూమి చేజారుతుందన్న భయం. నమోదు వల్ల భూమి మీద కౌలుదారుకు యాజమాన్యం రాదని మాస్టారు చెప్పిన క్లిప్‌ను అతనే విశాఖకు పంపాడు. తర్వాత యజమాని సంతకం పెట్టాడు. ఇంకొందరు యజమానులు పెట్టలేదు. సొసైటీ తన కొనుగోలు తేదీలను మాకు ముందే ఇస్తోంది, మేం తెలుగులో చదువుతున్నాం. వారానికోసారి సవరలో కూడా చదవాలని అడుగుతున్నారు, దానికి చదివే మనిషి కోసం చూస్తున్నాం.

మా ముందున్న పని పంచాయతీ ఎన్నికలు. ఒడిశాలో చివరిసారి 2022 ఫిబ్రవరిలో జరిగాయి, అంటే మళ్లీ 2027 మొదట్లో రావాలి. మండీ గురించి బాగా మాట్లాడే కాలర్లలో కొందరు సర్పంచ్‌గా, వార్డు సభ్యులుగా నిలబడతారని ఇప్పటికే తెలుస్తోంది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితాలు వచ్చేదాకా వాళ్ల గొంతు, వాళ్ల ఇంటివాళ్ల గొంతు మా కార్యక్రమంలో ఉండదని ఇప్పుడే వాళ్లకు చెప్పేశాం. ఆ నెలల్లో పల్లీ సభల్లో ఊరివాళ్లు ఏం అడిగారో, దానికి ఏ తేదీన ఏ కాగితం మీద జవాబు వచ్చిందో మాత్రం రికార్డు చేస్తాం. రిజిస్టర్‌లో మరో గడి కూడా చేర్చాం: ఫోన్ చేసినవాళ్ల పొలం ఎటువైపు, ఇల్లు ఎటువైపు.